ఎదురు కుంచె

మా బావ చలికి పోయాడు. ఈ మాట మొదటే రాసి పెడుతున్నాను. ఎందుకంటే ఉగాది దాటిందంటే చాలు, మా వీధిలో ప్రతివాడూ "ఈ ఎండ దాటడు" అని అతని మీద తీర్పు చెప్పేవాడు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు నుంచి ఏటా చెప్పారు. ఒక్క ఎండాకాలానికీ అతను దొరకలేదు. మొన్న పుష్యమాసంలో, సిరిసిల్ల అంతా గొంగళ్ళు కప్పుకొని చలిమంటల చుట్టూ కూర్చున్న రోజుల్లో, రొమ్ముకు జలుబు పట్టి జ్వరంతో వెళ్ళిపోయాడు. పాడె లేస్తున్నప్పుడు మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు అన్నాడు కదా, "ఎండకు భయపడి భయపడి ఆఖరుకు సలికి పోయిండు" అని. నాకు ఒళ్ళు మండింది. భయపడింది ఎవరు? అతను ఎండకు భయపడిన మనిషైతే ఈ నాలుగు ముక్కలు రాసే పనే నాకు ఉండేది కాదు.

బావ అంటే తోడబుట్టినదాని మొగుడు కాదు. మా పక్కింట్లో వరుసకు అక్క ఒకామె ఉంది. ఆ ఇంటికి ఆమె ఒక్కతే బిడ్డ. ఆమె తండ్రికి కళ్ళు మందగించి మగ్గం దిగే రోజులొచ్చాయి. ఇల్లరికం అల్లుడు కావాలి. జమ్మికుంట వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లను చూడటానికి వచ్చినవాడు నెత్తికి తడి తువ్వాల చుట్టుకొని, తడి అంగీ తొడుక్కొని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎండ దంచుతోంది, వాన ఎక్కడిది? నీళ్ళలో పడ్డాడేమో అనుకున్నాం. అక్క మంచినీళ్ళ చెంబు తెచ్చి ఇస్తే అందులో సగం తాగి, మిగతా సగం నెత్తిన పోసుకున్నాడు.

ఎవరూ అడగకముందే తువ్వాల తీశాడు. నెత్తి మీద జుట్టు పసిపిల్లవాడికి ఉన్నంత ఉంది. కనుబొమలు లేవు. నోరు తెరిచి చూపించాడు. పైన రెండు పండ్లు, అవీ మేకుల్లా మొనదేలి ఉన్నాయి.

"చూడుండ్రి," అన్నాడు బొంగురు గొంతుతో. "వెంట్రుకలు లెవ్వు, పండ్లు రెండే. ఒంటికి చెమట పట్టదు, పుట్టినకాడికెల్లి పట్టలే. ఎండల నీళ్ళు పోసుకోకపోతే పానం మీదికొస్తది. మగ్గం నేస్త. ఇంకేమన్న అడిగేదుంటె ఇప్పుడే అడుగుండ్రి, పెండ్లయినంక అడుగుతె చెప్ప."

అక్క తండ్రి ముఖం మాడిపోయింది. లోపల తలుపు చాటు నుంచి అక్క నవ్వు వినిపించింది. ఎగతాళి నవ్వు కాదది. తర్వాత తండ్రితో ఆమె అన్న మాట మా అవ్వ విని వచ్చి ఇంట్లో చెప్పింది: "నీళ్ళే గద బాపూ, నేను పోస్త."

బావతో బతుకంటే నీళ్ళతో బతుకు. మగ్గం గుంట చుట్టూ మట్టినేల ఎప్పుడూ తడిపి ఉంచేవాడు. కాళ్ళు చల్లటి గుంటలో, ఒంటి మీద తడి గుడ్డ, పక్కన కుండ. నాలుగు గజాలు నేసి ఒక చెంబు, మళ్ళీ నేసి మళ్ళీ ఒక చెంబు. ఎండాకాలం మా ఇళ్ళల్లో గాలి ఎండిపోయి పోగులు పుటుక్కుపుటుక్కుమని తెగుతుంటే, ఆ ఇంట్లో తడికి పోగు మెత్తగా సాగేది. ఆ మాట మేమెవరం పైకి ఒప్పుకోలేదు. బావే అనేవాడు, "నాకు సల్లగుంటె నూలుకు గూడ సల్లగుంటది, మీ ఇంట్ల మీరు, నూలు ఇద్దరు ఉడుకుతరు" అని.

తిండి సంగతీ అంతే. జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టి, అది జావయ్యేదాకా ఆగి, తీరిగ్గా మింగేవాడు. పెండ్లి బంతిలో అందరూ లేచినా అతను లేచేవాడు కాదు. వడ్డించేవాళ్ళు విసుక్కుంటే, "మీరు నమిలి తింటరు, నేను ఆలోచించి తింట, జర టైం పడ్తది" అనేవాడు. సగం తిని లేచిపోవడం నేను ఒక్కనాడూ చూడలేదు. సిగ్గుపడి ఆకలితో లేచేవాళ్ళంటే అతనికి కోపం.

మధ్యాహ్నం బజారుకు పోవాల్సి వస్తే పోయేవాడు. దారిలో ఏ గుమ్మం ముందు ఆడవాళ్ళు కనిపించినా ఆగి తల వంచేవాడు. "ఒక చెంబు పొయ్యమ్మా." బిచ్చమడిగినట్టు కాదు, బాకీ వసూలు చేసుకుంటున్నట్టు అడిగేవాడు. నీళ్ళు దండగని ఒకామె సణిగితే, "శివునికి పొద్దంత ధార పడ్తది, ఆయనకేం కష్టమున్నది? కష్టమున్నోని నెత్తిమీద ఒక చెంబు పొయ్యి, పుణ్యం నీకే" అన్నాడు. ఆమె పోసింది. ఆ పైన అతను వస్తుంటే ఆమే చెంబు పట్టుకొని నిలబడేది. బజారులో పిల్లలు "తడి బావ, తడి బావ" అని వెంటపడేవాళ్ళు. వాళ్ళ మీద తువ్వాల పిండి పోయేవాడు.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ పడుగు దగ్గర వచ్చింది.

మగ్గాల వీధి సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నిలువు పోగుల దండును పడుగు అంటాం. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడుగునా చాపి కట్టి, గంజి పట్టించి, అది ఆరేదాకా పెద్ద కుంచెలతో దువ్వాలి. అటొకడూ ఇటొకడూ ఎదురెదురుగా నిలబడి ఒకే ఊపులో దువ్వాలి. ఒకడి చెయ్యి ఆలస్యమైతే పోగులు అతుక్కుపోతాయి. ఇది ఒక్క ఇంటివాడి వల్ల అయ్యేది కాదు. అందుకే వీధిలో వంతు. నీ పడుగుకు నేనొస్తాను, నా పడుగుకు నువ్వొస్తావు. వంతుకు రాని ఇంటి పడుగును ఎవరూ ముట్టరు. పడుగు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే ఆ ఇల్లు వీధిలో ఉన్నా లేనట్టే. కులం కూర్చున్నప్పుడు ఆ ఇంటివాడి మాట ఎవరూ అడగరు.

పెండ్లి తర్వాత వచ్చిన తొలి ఎండాకాలం మొదట్లో మా పెద్దబాపు పడుగు చాపారు. ఆయన కులపెద్ద. బావ తన వంతుకు వచ్చాడు, ఎప్పటిలాగే తడి బట్టలతో. నాకు ఎదురు కుంచె అతనిదే. రెండు దువ్వులు దువ్వాడో లేదో, అంగీ చేతుల నుంచి నీళ్ళు కారి పడుగు మీద పడ్డాయి. నీళ్ళు పడిన చోట గంజి కరిగి పోగులు నూగు లేచాయి.

"దూరం జరుగు," అని పెద్దబాపు అరిచాడు. "నా పడుగు ఖరాబ్ జేస్తున్నవ్."

బావ నా ముఖం వైపు చూపించాడు. నా గడ్డం నుంచి చెమట చుక్కలు అదే పడుగు మీద రాలుతున్నాయి. "గాయన చెమట పడ్తె ఖరాబ్ గాదు, నా నీళ్ళు పడ్తెనే ఖరాబా?"

"అది పనిచేసిన చెమట," అన్నాడు పెద్దబాపు.

బావ ఇంటికి పోయి, తడి బట్టలు విప్పి, పొడి ధోవతి కట్టుకొని, తువ్వాల కూడా లేకుండా వచ్చి నా ఎదుట నిలబడి కుంచె ఎత్తాడు. ఆనాడు గంజి కాచడమే ఆలస్యమైంది. పొద్దు ఇళ్ళ మీదికి ఎక్కింది. నేను వగరుస్తున్నాను, ఒళ్ళంతా నీరు. ఎదురుగా అతను ఎండిన కట్టెలా పొడిగా ఉన్నాడు. ముఖం మాత్రం ఎర్రబడింది, ఇంకా ఎర్రబడింది, కళ్ళు నిలబడిపోయాయి. "బావా, ఆపు" అన్నాను. "నువ్వు ఆపితె నేను ఆపుత" అన్నాడు. పడుగు మధ్యలో ఎవరు ఆపుతారు?

అతను పడిపోయాడు. కుంచె చేతిలోనే ఉంది.

అప్పుడు పెద్దబాపు అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది: "ఒంటి మీద చెమట సుక్క లేదు, అప్పుడే అలిసిపోయిండట. నాటకాలు." చెడ్డవాడు కాదు ఆయన. అలిసిన మనిషికి చెమట పడుతుందని పుట్టిన దగ్గరనుంచి చూసినవాడు, చెమట లేదు కనుక పనీ లేదనుకున్నాడు. మేమందరం అలాగే అనుకొని నిలబడి చూశాం. నేను వంగి అతని రొమ్ము మీద చెయ్యి వేశాను. రొట్టెల పెంకు మీద వేసినట్టయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

అక్క రెండు కడవలతో పరుగెత్తి వచ్చింది. అడ్డం వచ్చినవాళ్ళను తోసేసి అక్కడే, పడుగు పక్కనే, అతని మీద కుమ్మరించింది. నీళ్ళు చిమ్మి పడుగులో సగం తడిసిపోయింది. పెద్దబాపు నెత్తి కొట్టుకున్నాడు.

"మళ్ళ గంజి పెట్టుకో పెద్దబాపూ," అంది అక్క, రెండో కడవ ఎత్తుతూ. "పడుగుకు మళ్ళ గంజి పెట్టుకోవచ్చు. మనిషి పోతె ఏం పెడ్తవ్?"

బావ కళ్ళు తెరిచాడు. మొదట అడిగింది, "పడుగు ఆరిందా?" అని.

ఆ వారమే అతన్ని కరీంనగర్ మిషన్ దవాఖానాకు తీసుకుపోయాం. అతని తల్లి జమ్మికుంట నుంచి వచ్చింది. నేనూ వెంట పోయాను. డాక్టరమ్మ తెల్ల దొరసాని, పుస్తకంలో ఉన్నట్టు తెలుగు మాట్లాడేది. నోరు, నెత్తి, అరచేతులు, అరికాళ్ళు అన్నీ భూతద్దంతో చూసింది. తల్లి వైపు మగవాళ్ళల్లో ఇలాంటివాళ్ళు ఉన్నారా అని అడిగింది. ముసలామె తన తమ్ముడొకడు పండ్లు రాకుండానే ఉండి, ఒక ఎండాకాలం జ్వరంతో పసితనంలోనే పోయాడని చెప్పింది. అది తల్లి రక్తంలో నుంచి కొడుకులకు వచ్చేదని, ఎక్కడో అరుదుగా ఒక ఇంట్లో కనబడుతుందని, కడుపులో పిండం చర్మం పోసుకునేటప్పుడే చెమట రంధ్రాలు, వెంట్రుకలు, పండ్లు తప్పిపోయాయని, దీనికి మందు లేదని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. మగబిడ్డ పుడితే వాడికి రాదు, ఆడబిడ్డ పుడితే ఆమె మోస్తుంది, ఆమె కొడుకులకు రావచ్చు అని కూడా చెప్పింది. ఆ తర్వాత ఎండలో పని మానాలని, చల్లని ప్రదేశంలో వేరే బతుకుదెరువు చూసుకోవాలని సలహా ఇచ్చింది.

"అమ్మా, మీ దేశంల సల్లగుంటదా?" అని అడిగాడు బావ.

"ఉంటుంది. మంచు కురుస్తుంది."

"మరి గంత సల్లటి దేశం ఇడిసిపెట్టి గీ ఎండలకెందుకొచ్చిండ్రు?"

ఆమె నవ్వింది. "ఇక్కడ నాకు పని ఉంది."

"నాకు గూడ పనున్నదమ్మా," అని బావ లేచి నిలబడ్డాడు.

తిరుగు బస్సులో ముసలామె ఏడుపు ఆపలేదు. నా రక్తంలోనే పురుగుందని, నేనే నీకు ఈ గతి పట్టించానని. బావ కిటికీ దగ్గర తడి తువ్వాల కప్పుకొని కూర్చున్నాడు. కాసేపు విని, "అవ్వా, నేసేటప్పుడు నాలుగు పోగులు ఇడిసినవ్, అంతే గద. బట్ట గట్టిగనే ఉన్నది. ఫికర్ జెయ్యకు" అన్నాడు. కొన్నేళ్ళకు ఆమె చనిపోయినప్పుడు అతని కంట నీరు రాలేదు. ఆ కళ్ళకు కన్నీళ్ళూ సరిగా రావు. రాయి మనిషని చుట్టాలు గుసగుసలాడారు. అతను బావి దగ్గరికి పోయి నెత్తి మీద, ముఖం మీద నీళ్ళు పోసుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. ఆపకుండా పోసుకున్నాడు. ఆ గుసగుసలాడినవాళ్ళను ఆనాడు కొట్టకుండా ఎలా ఊరుకున్నానో నాకే తెలియదు.

దవాఖానా నుంచి వచ్చాక పెద్దబాపు కులాన్ని కూర్చోబెట్టాడు. నిజం చెప్పాలంటే ఆయన మెత్తబడ్డాడు. మనసులో ఏదో గుచ్చుకుంది. అందరి ముందు మంచిగానే అన్నాడు: "బిడ్డా, నీ తిప్పలు మాకు ఎరుకలేకుండె. ఇగ నువ్వు వంతుకు రావద్దు. నీ పడుగు మేమే జేస్తం. నీకు మాఫీ."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇంతకన్నా ఏం కావాలి? అక్క గుమ్మంలో నిలబడి మొగుణ్ణే చూస్తోంది. బావ తువ్వాల పిండి మళ్ళీ నెత్తికి చుట్టుకున్నాడు.

"మాఫీ నాకొద్దు," అన్నాడు. "నాకు వంతు గావాలె."

వీధి బిత్తరపోయింది. "ఎండల సస్తవురా" అన్నారెవరో.

"ఎండల ఎందుకు జెయ్యాలె? మీరు పొద్దుపొడిచినంక లేసి, ముఖం కడిగి, సుట్ట తాగి, అప్పుడు గంజి కాస్తరు. గంజి దించేవరకు ఎండ నెత్తిమీదికొస్తది. ఎండాకాలం నాలుగు నెలలు తెల్లారుగట్ల సుక్క పొడవంగనే పడుగు సాపుండ్రి. ఎండొచ్చేవరకు ఆరిపోతది. పొడి బట్టలతోనే వస్త, మీ నూలు మీద సుక్క పడనియ్య. ఇయ్యాల మాఫీ అంటరు, రేపు నా ఇంటి మాట అడుగుతరా? మాఫీ వడ్డ ఇల్లు మగ్గం ఇల్లు గాదు. మీకు ఎరుకనే."

ఆఖరుకు పెద్దబాపు ఒక అడ్డు వెతుక్కున్నాడు. "గంత పొద్దుగల్ల అందరిని ఎవలు లేపుతరు?"

"నేను లేపుత," అన్నాడు బావ.

ఎలా లేపుతాడో అడగకపోవడం మా తప్పు. ఎండాకాలం మగవాళ్ళమంతా వీధిలో నులక మంచాలు వేసుకొని పడుకునేవాళ్ళం. తెల్లారుజామున మంచి నిద్రలో ఉండగా నా ముఖం మీద ఒక చెంబెడు చల్లటి నీళ్ళు పడ్డాయి. ఉలిక్కిపడి లేచేసరికి బావ పక్క మంచం మీద పోస్తున్నాడు. బూతులు, కేకలు, పరుగులు. ఒకడు చెప్పు విసిరాడు. బావ చెంబు నింపుకుంటూ, "సల్లగ లేదా? దినాం నేను గిట్లనే బతుకుత, ఒక్క పూట మీరు గూడ బతుకుండ్రి" అంటున్నాడు. పెద్దబాపు మంచం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. పోశాడు.

ఆనాడు ఎండ రాకముందే పడుగు ఆరింది. మేమెవరం చెమట కార్చలేదు. బావ నా ఎదుట పొడి బట్టలతో, తడి ఆరని నవ్వుతో దువ్వాడు. ఆ తర్వాత ఎండాకాలం అంటే అదే పద్ధతి. తిట్టుకుంటూనే లేచేవాళ్ళం. కొన్నేళ్ళకు పెద్దబాపు ముందే లేచి, ముఖం కడుక్కొని, మంచం మీద కూర్చొని, చెంబుతో వచ్చిన బావను చూసి చెయ్యి అడ్డం పెట్టేవాడు: "నాకు పొయ్యకు, లేసిన." బావ ఆ చేతి మీదైనా నాలుగు చుక్కలు చిలకరించి పోయేవాడు.

అన్నేళ్ళూ నాకు ఎదురు కుంచె అతనే. మా ఇద్దరి మధ్య పడుగు వెడల్పంత దూరం. అతని చెయ్యి లేస్తే నా చెయ్యి దానంతట అది లేచేది. ఒకసారి అడిగాను, "బావా, నువ్వు గిట్ల పుట్టకపోతె ఎట్లుండేటోనివి?" అని. చాలా దూరం దువ్వాక చెప్పాడు: "నీ లెక్కనే ఉండేటోన్ని. అందరు లేపితె లేసేటోన్ని."

అతను పోయిన పదకొండో రోజు కర్మ అయింది. ముసలివాడైపోయిన పెద్దబాపు అరుగు మీద కూర్చొని, కళ్ళు తుడుచుకొని, అక్కనూ, ఆమె కూతురినీ పిలిచి చెప్పాడు: "బిడ్డా, ఇంట్ల మగదిక్కు లేదు. నీకు వంతు వద్దు. నువ్వు, నీ బిడ్డ నూలు కండెలు సుట్టుకోండ్రి, కులం సూసుకుంటది. మాఫీ." అక్క తలూపలేదు. ఆ సంగతి నేను గమనించాను, మిగతావాళ్ళు గమనించలేదు.

బావ పోగులు పోసి సిద్ధం చేసి పెట్టిన ఆఖరి పడుగు ఇంట్లోనే ఉంది.

నాలుగు రోజుల తర్వాత, ఇంకా చీకటి ఉండగానే నా తలుపు టకటకలాడింది. చలికి వణుకుతూ గొంగడితో లేచి తలుపు తీశాను. ఎదురుగా అక్క. చేతిలో చెంబు. నోరు తెరిచేలోపు నా ముఖం మీద పోసింది. పుష్యమాసపు బావినీళ్ళు. ప్రాణం పోయినంత పనయింది.

"పడుగు సాపాలె తమ్మీ," అని పక్క తలుపు దగ్గరికి పోయింది.

చలికాలంలో చుక్క పొడిచినప్పుడు లేవాల్సిన పనే లేదు. ఎండ వచ్చాకే చాపుతాం. అయినా తెల్లారేసరికి మగ్గాల వీధి అంతా వీధిలో నిలబడి ఉంది, తడి ముఖాలతో, పండ్లు కొట్టుకుంటూ. పెద్దబాపు నెరిసిన జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు. అక్క బిడ్డ పొయ్యి దగ్గర గంజి కాస్తోంది. అక్క కొంగు నడుముకు చుట్టి, బావ కుంచె తెచ్చి, నా ఎదుట నిలబడింది. మా వీధిలో ఆడమనిషి కుంచె పట్టిన రోజు అంతకు ముందు లేదు.

"ఇదేంది బిడ్డా," అన్నాడు పెద్దబాపు, చాలా మెల్లగా. "నీకు మాఫీ జెప్పిన గద."

"మాఫీ మీ దగ్గర్నే ఉండనియ్యి పెద్దబాపూ. మా ఇంటికి వంతు గావాలె."

"ఆడిమనిషి కుంచె పడ్తదా?"

"చెమట పట్టనోడు పట్టలేదా?"

పెద్దబాపు కాసేపు ఆమెనూ, ఆ కుంచెనూ చూశాడు. తర్వాత వంగి, పడుగు కొస అందుకొని గుంజకు కట్టడం మొదలుపెట్టాడు. అది చూసి మిగతావాళ్ళు కదిలారు. గంజి వచ్చింది. అక్క కుంచె ముంచి, నా వైపు చూసింది.

"నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అంది. "గంజి ఆరుతున్నది, ఎత్తు."

ఏడవడం లేదు, నువ్వు పోసిన నీళ్ళే అన్నాను. నేను కుంచె ఎత్తాను. ఎదురు కుంచె అప్పటికే లేచి ఉంది.